పురానాపూల్, గానుగ సున్నం: మూసీ మీది పాత రాతి వంతెన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మూసీ మీద ఉన్న పురానాపూల్ గురించి, అలాంటి రాతి కట్టడాన్ని పట్టి ఉంచే గానుగ సున్నం గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఊళ్ళో పాత గుడి ప్రాకారమో, కోనేటి మెట్లో, రాతి కల్వర్టో బాగుచేయించే పనిలో ఉన్నవాళ్ళకు కూడా సున్నం, పగుళ్ళు, మొక్కల గురించి రాసిన భాగాలు అక్కరకొస్తాయి.

పురానాపూల్‌ను ఎవరు, ఎప్పుడు కట్టించారు?

1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఆయన పాలించింది 1550 నుంచి 1580 దాకా. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఈయనే. హైదరాబాద్ నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరి కంటే వంతెనే 13 ఏళ్ళు పెద్దది. చార్మినార్ లేని రోజుల్లోనే ఈ వంతెన మీద బండ్లు నడిచాయి.

పురానా పూల్ అంటే పాత వంతెన. కట్టిన రోజున దానికా పేరు ఉండే వీల్లేదు కదా. 1831లో చాదర్‌ఘాట్ దగ్గర మరొక వంతెన, ఆ తర్వాత అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చాక ఇది ‘పాతది’ అయింది.

దాని కొలతలేమిటి?

పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, నది అడుగు నుంచి ఎత్తు 54 అడుగులు. 22 కమానులు. పొడవును కమానుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కమానుకు, దాని స్తంభంతో కలిపి, 27 అడుగుల చిల్లర వస్తుంది. కమానుల సంఖ్య గుర్తుంచుకోండి, వరద గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

కొడుకు ప్రేమ కోసం తండ్రి కట్టించిన వంతెన అంటారు. నిజమేనా?

కథ ఇది: యువరాజు మహమ్మద్ కులీ మూసీ అవతల చించలం గ్రామంలో ఉన్న భాగమతిని చూడడానికి వరదలో గుర్రాన్ని దింపాడని, అది విని బెంబేలెత్తిన తండ్రి వంతెన కట్టించాడని. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి 13 ఏళ్ళు. కట్టడం మొదలుపెట్టిన రోజుకు ఇంకా చిన్నవాడు. చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ భాగమతి కథనే ఒప్పుకోలేదు.

అసలు అవసరం కళ్ళముందే ఉంది. గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. కోటలో జనం కిక్కిరిసిపోయారు. మచిలీపట్నం రేవుకూ దక్షిణాదికీ పోయే సరుకు నది దాటాలి. వానాకాలంలో మూసీ పొంగితే వ్యాపారం ఆగిపోయేది. కార్వాన్ వైపు నుంచి దక్షిణపు ఒడ్డుకు ఏడాది పొడవునా దారి ఉండాలంటే వంతెన తప్ప మార్గం లేదు. పదమూడేళ్ళ తర్వాత కొత్త నగరం దక్షిణపు ఒడ్డున వెలిసిందంటే ఈ వంతెన ముందే ఉండడం వల్లనే అది వీలైంది.

విదేశీ యాత్రికులు దీన్ని మెచ్చుకున్నారా?

17వ శతాబ్దంలో వజ్రాల వ్యాపారం కోసం వచ్చిన ఫ్రెంచివాడు తావెర్నియే, ఇది అందంలో పారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు దాదాపు తీసిపోదని రాశాడు. విశేషమేమిటంటే పోన్ నఫ్‌కు పునాదిరాయి పడింది కూడా 1578లోనే. అది పూర్తవడానికి 17వ శతాబ్దం మొదటి దశకం దాకా పట్టింది.

ఇనుము లేదు, కాంక్రీటు లేదు. మరి ఎలా నిలబడింది?

రాయికి రెండు గుణాలున్నాయి. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే తట్టుకోలేదు. రెండు స్తంభాల మధ్య ఒక పొడవాటి బండను అడ్డంగా వేస్తే దాని కింది అంచు సాగుతుంది, అక్కడ పగులుతుంది. కమానులో ఆ బాధ లేదు. ప్రతి రాయినీ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా చెక్కుతారు. పైనుంచి బరువు పడేకొద్దీ రాళ్ళు ఒకదాన్నొకటి మరింత గట్టిగా నొక్కుకుంటాయి. ఆ నొక్కుడు రాయి నుంచి రాయికి పాకి స్తంభంలోకి, అక్కణ్ణుంచి నేలలోకి దిగుతుంది.

దక్కను గ్రానైట్ చదరపు సెంటీమీటరుకు 1,000 కిలోల పైన నొక్కుడును తట్టుకుంటుంది. మామూలు రాతి కమానులో పడే నొక్కుడు అందులో వందో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి రాయి నలిగిపోయి వంతెన కూలడమన్నది దాదాపు జరగదు. కమాను ఆకారం చెదిరినప్పుడు కూలుతుంది. ఆకారం చెదరడానికి మూల కారణం స్తంభం కదలడం, లేదా కమాను మీద, పక్క గోడల నడుమ నింపిన పూడిక కొట్టుకుపోవడం.

కుతుబ్‌షాహీ కట్టడాల్లో కనిపించే మొనదేలిన కమానుకు ఇంకో సుగుణం ఉంది. అదే వెడల్పున్న పల్లపు కమాను కంటే ఇది స్తంభాలను పక్కకు తక్కువగా తోస్తుంది. వరుసగా ఇన్ని కమానులున్న చోట పక్కపక్క కమానుల తోపుడు ఒకదాన్నొకటి సరిచేసుకుంటుంది. ఒక కమాను పోతే పక్కదానికి ఆ ఆసరా పోతుంది. అందుకే బహు కమానుల వంతెనలో ఒక్క కమాను సమస్యను ‘ఒక్క కమానుదే’ అని తీసిపారేయకూడదు.

కమానును గాలిలో ఎలా పేర్చారు?

గాలిలో పేర్చరు. ఇప్పుడు స్లాబుకు సెంటరింగ్ కొట్టినట్టే, ముందు కమాను ఆకారంలో కర్రలతోనో, మట్టి, రాళ్ళ కుప్పతోనో ఆధారం కడతారు. రెండు వైపుల నుంచీ ఒకేసారి రాళ్ళు పేర్చుకుంటూ పైకి వస్తారు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పేరిస్తే సెంటరింగ్ ఒరిగిపోతుంది. చివరికి నడినెత్తిన మిగిలిన సందులో ఆఖరి రాయిని బిగించి దించుతారు. అది దిగేదాకా కమాను కమాను కాదు. ఆ తర్వాత పక్క గోడలు లేపి, వాటి నడుమ రాళ్ళు, మట్టి, సున్నపు కాంక్రీటుతో నింపి, పైన దారి పరుస్తారు.

సెంటరింగ్ తీయడం అసలైన పరీక్ష. సున్నం ఇంకా మెత్తగా ఉండగానే కొద్దికొద్దిగా వదులు చేస్తే కమాను ఒకింత దిగి, రాళ్ళు తమ చోట్లు తాము సర్దుకుంటాయి. సున్నం నిదానంగా గట్టిపడడం ఇక్కడ మేలు చేసింది. నదిలో పని కాబట్టి ఇదంతా వాన తగ్గాక మొదలై, మళ్ళీ వరద రాకముందే ఒక దశకు చేరాలి. సగం కట్టిన కమాను కింద సెంటరింగ్ ఉండగా వరద వస్తే రెండూ పోతాయి.

గానుగ సున్నం అంటే ఏమిటి? నూనె గానుగకూ దానికీ సంబంధం ఉందా?

తిప్పి నలిపే పద్ధతి ఒకటే, వస్తువు వేరు. సున్నపు గానుగకు నేలలో గుండ్రటి గాడి ఉంటుంది, అడుగు పైచిలుకు వెడల్పుతో, అడుగూ పక్కలూ రాతితో కట్టి. గాడిలో నిలువుగా ఒక పెద్ద రాతి చక్రం. చక్రానికి అడ్డంగా దూలం. దూలం ఒక కొస నడిమి కొయ్యకు, రెండో కొస ఎద్దుకు. ఎద్దు తిరుగుతుంటే చక్రం గాడిలో పోసిన సున్నాన్నీ ఇసుకనూ ఇటుక పొడినీ నలుపుతూ పోతుంది. ఇలా నూరిన దాన్నే కొన్నిచోట్ల డంగు సున్నం అంటారు.

పెద్ద కట్టడం ఎక్కడ లేస్తే గానుగ అక్కడే పెట్టేవారు. సున్నం తడిగా ఉండగానే వాడాలి, దూరం నుంచి మోసుకొస్తే పని చెడుతుంది. కట్టడం ముగిశాక గాడి పూడిపోయేది, చక్రం మాత్రం అక్కడే పడి ఉండేది. పాత చెరువు కట్టల దగ్గర, గుళ్ళ ఆవరణల్లో నడిమిన బొక్క ఉన్న పెద్ద గుండ్రాయి కనిపిస్తే దాన్ని తిరగలి అనుకుని తీసేయకండి. అది ఆ కట్టడపు గానుగ రాయి అయి ఉండవచ్చు. పక్కనే మట్టి కింద గాడి కూడా దొరకవచ్చు. కట్టడంతో పాటు దాన్నీ కాపాడాలి, ఎందుకంటే ఇక్కడ ఏ సున్నం వాడారో చెప్పే నమూనా చాలాసార్లు ఆ గాడి అడుగునే అంటుకుని ఉంటుంది.

నూరడం ఎందుకు? పారతో కలిపితే చాలదా?

చాలదు. తడిపిన సున్నంలో సరిగా విరగని పలుకులుంటాయి. గోడలోకి వెళ్ళాక అవి నెలల తర్వాత నీరు తాగి ఉబ్బుతాయి, ఆ చోట గచ్చు (అంటే రాళ్ళ సందుల్లో పెట్టే సున్నం, ఇసుక ముద్ద) పొక్కులు పొక్కులుగా రాలిపోతుంది. చక్రం కింద పడ్డ పలుకు నలిగిపోతుంది. రెండోది, నూరడం వల్ల ప్రతి ఇసుక రేణువు చుట్టూ సున్నం పూతలా పడుతుంది. పారతో కలిపితే అదే జిగి తేవడానికి నీళ్ళు ఎక్కువ పోయాల్సి వస్తుంది. నీళ్ళు ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి చీలికలు వస్తాయి.

ఇప్పుడు ఎద్దులు దొరక్కపోయినా మోటారుతో తిరిగే రోలర్ మిల్లులో ఇదే పని అవుతుంది. కాంక్రీటు మిక్సర్ మాత్రం నూరదు, కలుపుతుంది అంతే.

చిన్న మరమ్మతుకు సున్నం ఎలా తయారు చేసుకోవాలి?

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. శుద్ధమైన రాయైతే బరువులో నూటికి 44 పాళ్ళు తగ్గుతుంది. అలా కాలిన గడ్డలు కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. అంత సైజు రాయికి ఉండాల్సిన దాని కంటే తేలిగ్గా ఉంటే బాగా కాలినట్టు. పొడిపొడిగా రాలుతుంటే గాలిలోని చెమ్మ తాగి పాతబడిందని అర్థం, వద్దనండి.

తడపడం ఇలా. ఇనుప డ్రమ్ములోనో ఇటుకల తొట్టిలోనో ముందు నీళ్ళు పోయండి. సున్నపు గడ్డలను కొద్దికొద్దిగా నీళ్ళలోకి వేయండి. సున్నం మీద నీళ్ళు పోయవద్దు. అది ఒక్కసారిగా ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. కంటికి మూసుకునే కళ్ళజోడు, చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తొట్టికి మూత బిగించకండి. మంచి సున్నం తడిశాక రెండింతలకు పైగా పొంగుతుంది, కాబట్టి తొట్టి సగం కూడా నింపకండి.

ఉడుకు తగ్గాక సన్నటి జల్లెడతో వడగట్టి, పైన రెండంగుళాల నీరు నిలిచేలా ఉంచి, కనీసం రెండు మూడు వారాలు పెరుగులా గడ్డకట్టనివ్వాలి. నీటి కింద ఉన్నంతకాలం చెడదు, ఎంత మాగితే అంత జిగి. గాలికి ఆరితే మాత్రం పనికిరాదు.

సందులు నింపడానికి ఒక పాలు ముద్దసున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళ ఇసుక. నీటి తాకిడి ఉన్న చోట ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, ఒక పాలు ఇసుక. సుర్కీ అంటే మెత్తగా పొడి చేసిన ఇటుక. మామూలు మంటలో కాలిన ఇటుకే కావాలి. నల్లగా మాడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఉత్త ఇసుకలా పడి ఉంటుంది. నల్లరేగడి నేలల్లో దొరికే సున్నపు గడ్డల్లో బంకమట్టి సహజంగానే ఉంటుంది కాబట్టి వాటిని కాల్చిన సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది. సున్నం రకాలకు ఐఎస్ 712, సున్నపు గచ్చు తయారీకి ఐఎస్ 1625 అనే భారత ప్రమాణాలున్నాయి. కాంట్రాక్టు కాగితంలో ఆ రెండు అంకెలు రాయించండి.

కలిపిన గచ్చును తాపీ మీద పెట్టి తలకిందులు చేయండి. పడిపోకుండా అంటుకుని ఉంటే సిద్ధమైనట్టు.

కరక్కాయ, బెల్లం కలపాలా?

మన దగ్గర ఆ అలవాటు పాతదే. కరక్కాయలను దంచి, బెల్లంతో నీళ్ళలో నానబెట్టి, కొన్నాళ్ళు పులియనిచ్చి, ఆ నీళ్ళను సున్నం కలపడానికి వాడతారు. జిగి పెరుగుతుంది, తక్కువ నీళ్ళతో పని నడుస్తుంది. మోతాదు మించితే మాత్రం గచ్చు గట్టిపడడం ఆలస్యమవుతుంది, తీపికి చీమలు పడతాయి. ముందు అరచేతి మందం ముద్దలు నాలుగైదు, వేర్వేరు పాళ్ళతో చేసి, నెల రోజులు నీడలో ఉంచి, గోరుతో గీకి చూసి ఎంచుకోండి. సున్నం సరిగా తడవకపోయినా, ఇసుకలో మన్ను ఉన్నా కరక్కాయ ఏమీ చేయలేదు. మేస్త్రి ముందుగా ఇసుక కడిగించాడా లేదా అన్నదే అడగండి.

సిమెంటు ఇంకా గట్టిది కదా, దాంతో సందులు పూడిస్తే తప్పేమిటి?

గట్టిదనమే ఇక్కడ సమస్య. మెత్తటి ఇసుకరాయి గోడల్లో సిమెంటు పూస్తే రాయే పెచ్చులూడుతుంది. గ్రానైట్‌కు ఆ బాధ తక్కువ, అందుకే ‘మన రాయికి ఏం కాదు’ అనేస్తుంటారు. దెబ్బ లోపల తగులుతుంది.

గ్రానైట్ వేడికి డిగ్రీకి, మీటరుకు సుమారు 8 మైక్రాన్లు సాగుతుంది. 600 అడుగుల, అంటే 183 మీటర్ల రాతి వరుసకు 30 డిగ్రీల తేడా వస్తే లెక్క ప్రకారం 4 సెంటీమీటర్ల పైన కదలిక. అది వందల సందుల్లోకి పంచుకోవడం వల్ల కంటికి కనిపించదు. సున్నం ఆ కొద్దిపాటి కదలికతో పాటు తానూ సర్దుకుంటుంది. వెంట్రుక వాసి చీలిక వచ్చినా వాన నీటిలో కరిగిన సున్నం మళ్ళీ అక్కడే పేరుకుని మూసుకుంటుంది. సిమెంటు సర్దుకోదు. రాయికీ దానికీ నడుమ సన్నటి గీత విడుతుంది. ఆ గీత వాన నీటిని లోపలికి పీల్చుకుంటుంది, కానీ ఆరనివ్వదు. దారి మీది నుంచి ఇంకిన నీరు బయటికి పోవడానికి దారులు మూసుకుపోయి, కమాను నడుమన ఉన్న పాత సున్నాన్ని కరిగించుకుంటూ కింది నుంచి కారుతుంది. కమాను కడుపున తెల్లటి చారలు, సన్నటి సున్నపు ఊడలు కనిపిస్తున్నాయంటే జరుగుతున్నది అదే.

బయటికి సందులన్నీ శుభ్రంగా, బూడిద రంగు గీతలతో మెరుస్తుంటాయి. లోపల బోలు. ఇలా పాడైన వంతెనను బాగుచేయడం, అసలు ముట్టుకోని వంతెనను బాగుచేయడం కంటే చాలా కష్టం. సిమెంటును ఊడదీసేటప్పుడు రాతి అంచులు పోతాయి, పోయిన అంచు తిరిగి రాదు.

1908 వరదను ఎలా తట్టుకుంది?

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని తెగిపోగా, రెండు ఒడ్లకూ మధ్య పురానాపూల్ ఒక్కటే మిగిలింది. అంతకుముందు వరదల్లో ఇదీ దెబ్బతిన్నది. 1820లో నిజాం సికందర్‌జా మరమ్మతులు చేయించాడు. ‘నాలుగు శతాబ్దాలుగా ఎవరూ ముట్టుకోకుండానే నిలిచింది’ అనే మాట ఆ పని చేసిన మేస్త్రీలకు అన్యాయం చేస్తుంది. మరమ్మతు చేస్తూ వచ్చారు కాబట్టే నిలిచింది.

1908 తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వచ్చాయి. వాటి గేట్లు ఎత్తినప్పుడు ఆ నీరంతా ఈ 22 కమానుల గుండానే పోవాలి.

ఇలాంటి వంతెనకు అసలు ముప్పు ఎక్కడి నుంచి?

స్తంభాల అడుగు నుంచి. వరద నీరు స్తంభానికి తగిలి కిందికి మళ్ళి, సుడి తిరుగుతూ అడుగు మట్టినీ ఇసుకనూ తోడేస్తుంది. నీరు తీశాక ఆ గుంట మళ్ళీ బురదతో నిండిపోతుంది, పైకి అంతా మామూలుగా కనిపిస్తుంది. కానీ ఆ బురదకు బలం ఉండదు. అందుకే పెద్ద వరద తర్వాత స్తంభం చుట్టూ ఇనుప కడ్డీ దించి ఎంత లోతు వరకు సులువుగా దిగుతుందో కొలవాలి. స్తంభం నలువైపులా, ప్రతి వైపు రెండు మూడు చోట్ల కొలిచి, తేదీతో రాసిపెట్టి, కిందటి ఏటితో పోల్చి చూడాలి.

రెండో ముప్పు చెత్త, కూల్చిన ఇళ్ళ శిథిలాలు. 22 కమానుల్లో ఒకటి పూడిపోతే నీటి దారి నూటికి నాలుగున్నర పాళ్ళు తగ్గుతుంది. నాలుగు పూడితే ఐదో వంతుకు దగ్గర. అదే నీరు మిగిలిన కమానుల్లోంచి మరింత వేగంగా దూసుకుపోతుంది, అడుగును మరింతగా తోడుతుంది, ఎగువన నీటిమట్టం పెంచుతుంది. ఎగువన ఉన్న బస్తీ మునగడానికీ వంతెన కింద పోసిన శిథిలాలకూ నేరుగా లంకె ఉంది. కమాను కింద ఒక్క లారీ మట్టి పోసినా అది వంతెన మీద దాడి కిందే లెక్క.

రాళ్ళ సందుల్లో రావి, మర్రి మొక్కలు మొలిస్తే పీకేయవచ్చా?

నాలుగాకుల మొలకైతే వేలితో తీసేయండి, వాన పడ్డ మర్నాడు సులువుగా వస్తుంది. వేరు పెన్సిలంత లావైతే లాగకండి. వేరుతో పాటు రాయి వస్తుంది, లేదా రాయి వెనక సున్నం వస్తుంది. కాండాన్ని మొదటికి కోసి, కోసిన ముఖం ఆరకముందే కలుపుమందు కుంచెతో రాయాలి, లావైన మొద్దుకు చిన్న బెజ్జాలు వేసి అందులో నింపాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. కింద నది ఉంది కాబట్టి పిచికారీ పనికిరాదు. వేరు చచ్చి ఎండాక, బోలుపడిన చోటును పలుచటి సున్నపు గచ్చుతో నింపాలి. నింపకుండా వదిలేస్తే వచ్చే వానకు పక్షి మళ్ళీ అక్కడే విత్తనం వేస్తుంది.

యాసిడ్, ఉప్పు, కిరోసిన్ పోయడం చాలాచోట్ల చూస్తాం. యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది. ఉప్పు గోడలో ఉండిపోయి ప్రతి ఎండకూ స్ఫటికాలుగా ఉబ్బి సందులను పొడి చేస్తుంది.

ఏ పగులు ప్రమాదం, ఏది కాదు?

సందు వెంట మెట్లు మెట్లుగా పోయిన సన్నటి పాత గీత, లోపల దుమ్మూ నాచూ పట్టి ఉంటే, చాలాకాలం కిందట సర్దుకున్నదే అయి ఉండవచ్చు. కొత్త పగులు అంచులు శుభ్రంగా, లేతరంగులో ఉంటాయి. రాయినే చీల్చుకుంటూ పోయిన పగులు, స్తంభంలో నిలువుగా వచ్చిన పగులు, కమాను కడుపున అడ్డంగా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పోయినది, పక్కగోడ బయటికి ఉబ్బడం, ఒక రాయి కిందికి జారి పక్కరాయితో మట్టం తప్పడం: వీటిలో ఏది కనిపించినా రాతి కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. ఆలోగా బరువులు ఆపాలి.

పగులు కదులుతోందా లేదా చూడడానికి పాత పద్ధతి చాలు. పలుచటి గాజు పలకను పగులుకు అడ్డంగా, రెండు కొసలా సున్నంతోనో ఎపాక్సీతోనో అంటించి తేదీ రాయండి. గాజు విరిగితే పగులు కదులుతున్నట్టు. ఎంత కదిలిందో తెలియాలంటే రెండు పక్కలా చిన్న మేకులు దిగ్గొట్టి వాటి నడుమ దూరాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో నెలకోసారి, ఒకే సమయంలో కొలవండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొలిస్తే ఎండ తేడానే పగులు తేడా అనుకుంటారు. కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనిస్తే గానీ తీర్పు చెప్పలేం.

సందులు తిరిగి నింపే పని వరుస ఏమిటి?

ఊడిపోయిన గచ్చును చేతి ఉలితో, సందు వెడల్పుకు రెట్టింపు లోతుకు, కనీసం అంగుళం దాకా తీయాలి. గ్రైండర్ చక్రం పెట్టనివ్వకండి, రాతి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. గట్టిగా ఉన్న పాత సున్నం జోలికి పోకూడదు. దుమ్ము ఊది, సందును నీటితో తడిపి, మెరుపు తగ్గేదాకా ఆగాలి. పొడి రాయి గచ్చులోని నీటిని లాగేసుకుంటుంది, అప్పుడు గచ్చు గట్టిపడదు, పొడిబారుతుంది. లోతు ఎక్కువైతే అంగుళానికి మించకుండా పొరలుగా, ఒక పొర బిగిశాకే ఇంకోటి. వెడల్పు సందులో రాతి చిప్పలు దోపి గచ్చు తగ్గించాలి. రాయి ముఖం కంటే ఒకింత లోపలికే ఆపాలి, రాయి మీదికి పూయకూడదు.

ఆ తర్వాతి పనే ఎక్కువమంది ఎగ్గొట్టేది. తడి గోనెసంచులు వేలాడదీసి కనీసం ఏడు రోజులు, ఎండ ఎక్కువుంటే రెండు వారాలు చెమ్మ ఉంచాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది, ఆ మార్పుకు చెమ్మ కావాలి. అది పైనుంచి లోపలికి నెలల తరబడి నిదానంగా సాగుతుంది. మే నెల ఎండలోనూ జోరు వానల్లోనూ ఈ పని పెట్టుకోవద్దు. మన వాతావరణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

వంతెన మీద కూరగాయల బజారు ఉంది. దానివల్ల నష్టమా?

మనుషులు, బుట్టలు, తోపుడు బండ్ల బరువు ఇలాంటి కమానుకు లెక్కలోకి రాదు. నష్టం బరువు వల్ల కాదు, నీటి వల్ల. కూరగాయలు కడిగిన నీళ్ళు, కుళ్ళిన ఆకులు వాన నీరు పోయే తూములను మూసేస్తాయి, నీరు నిలిచి కిందికి ఇంకుతుంది. తూములు తెరిచి ఉంచి, రోజూ ఊడ్పించగలిగితే ఈ బజారు వల్ల వంతెనకు మేలే: జనం ఉన్న చోట పగులైనా మొక్కైనా ముందుగా కంటపడుతుంది. బరువైన వాహనాల సంగతి వేరు. చక్రాల అదురుకు లోపలి పూడిక అణిగి పక్కగోడలను బయటికి నెడుతుంది.

చట్టం ఏ రక్షణ ఇస్తుంది? 100 మీటర్ల నిబంధన దీనికి వర్తిస్తుందా?

చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాల మీద నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్ల దాకా నియంత్రణ అన్న ఆ నిబంధన కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చార్మినార్, గోల్కొండ వంటి కట్టడాలకు. 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ అది. పురానాపూల్ కేంద్ర జాబితాలో లేదు, నగర వారసత్వ కట్టడాల జాబితాలోది. తెలంగాణలో ఇప్పుడు దీనికి ఆధారం 2017 నాటి రాష్ట్ర వారసత్వ చట్టం. కాబట్టి పైపు వేయడానికి బెజ్జం కొట్టినా, కేబుల్ కోసం మేకు దిగ్గొట్టినా, సిమెంటు పూసినా ‘చిన్న పనే కదా’ అని వదలకూడదు. ముందస్తు అనుమతి ఉందా అని అడిగే హక్కు ఎవరికైనా ఉంది.

చూడడానికి ఎప్పుడు వెళ్ళాలి, ఏం చూడాలి?

చార్మినార్ నుంచి రెండు మూడు కిలోమీటర్ల దూరం. నీరు తక్కువగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రాతి వరుసలు బాగా తెలుస్తాయి. పైన నడిస్తే వంతెన కనిపించదు, బజారే కనిపిస్తుంది. వాహనాలు పోయే పక్క వంతెన మీది నుంచి చూస్తే కమానుల వరుస అర్థమవుతుంది. కమాను అంచు రాళ్ళకూ వాటి పైన పక్కగోడ రాళ్ళకూ చెక్కడంలో తేడా గమనించండి. ఎక్కడెక్కడ సందుల రంగు మారిందో చూస్తే ఏ మరమ్మతు సున్నంతో, ఏది సిమెంటుతో చేశారో మీరే చెప్పగలుగుతారు. దగ్గర్లోనే ఉన్న పురానాపూల్ దర్వాజా, పాత నగరపు ప్రాకార ద్వారాల్లో మిగిలిన కొద్దివాటిలో ఒకటి. దాన్ని కూడా చూసి రండి.

ఏదైనా నష్టం కంటపడితే ఎవరికి, ఎలా చెప్పాలి?

రాష్ట్ర వారసత్వ శాఖకూ నగరపాలక సంస్థకూ, రెండిటికీ రాతపూర్వకంగా. ‘వంతెన పాడైపోతోంది’ అని రాస్తే కాగితం పక్కకు పోతుంది. ఏ ఒడ్డు నుంచి ఎన్నో కమాను, ఎగువ వైపా దిగువ వైపా, స్తంభమా కమానా పక్కగోడా, సుమారు పొడవెంత, ఏ తేదీన చూశారు అన్నవి రాయండి. రెండు ఫోటోలు చాలు: దూరం నుంచి ఒకటి, అది ఏ కమానో తెలిసేలా. దగ్గర నుంచి ఒకటి, పగులు పక్కన స్కేలో పది రూపాయల నాణెమో పెట్టి. మూడు నెలల తర్వాత అదే చోట నిలబడి అదే కోణంలో మళ్ళీ తీసి, పాత ఫోటోతో జతచేసి పంపండి.